తబేలాలో పెళ్లి

నా పదవీ విరమణకు మూడేళ్లు ఉందనగా, ఒక జనవరి చివర్లో, పశుసంవర్ధక శాఖ నన్ను గుర్రాల నిఘా పనికి వేసింది. అప్పటికి నేను పాతబస్తీలోని ఒక పశువైద్యశాలలో అసిస్టెంట్ డైరెక్టర్‌ని. మా శాఖలో అసిస్టెంట్ సర్జన్‌గా చేరినవాళ్లకు ఏళ్ల తరబడి పనిచేశాక దక్కే హోదా అది. హోదా పెరిగినకొద్దీ చేతిలో సూది తగ్గి కలం పెరుగుతుంది. నాకు కలం కంటే సూదే ఇష్టం కాబట్టి, మిగతావాళ్లు తప్పించుకున్న ఆ పనిని నేను సంతోషంగానే తీసుకున్నాను.

పని ఏమిటంటే, పెళ్లిళ్ల సీజన్ ఊపందుకునేలోగా నగరంలో పెళ్లికొడుకులను ఊరేగించే బరాత్ గుర్రాల రక్తం తీసి పరీక్షకు పంపడం. పాతబస్తీ నా పరిధి. దాన్ని ఆనుకుని ఉన్న జల్‌పల్లి వేరే జిల్లా అయినా, గుర్రాలు జిల్లా సరిహద్దులు చూసి తిరగవు కాబట్టి ఆ సీజన్ మట్టుకు దాన్నీ నాకే కలిపారు. వెతుకుతున్నది గ్లాండర్స్ అనే జబ్బు కోసం. గుర్రాలకు, గాడిదలకు వచ్చే అంటురోగం అది. ముక్కులోంచి జిగటగా చీమిడి కారుతుంది, కాళ్ల మీద వరసగా గడ్డలు లేచి పుండ్లవుతాయి. కొన్ని గుర్రాలకు చాలాకాలం పైకి ఏమీ కనబడదు. మనుషులకు అంటితే ప్రాణం మీదికి వస్తుంది. టీకా లేదు. గుర్రానికి ఆ జబ్బు ఉందని తేలితే మందులిచ్చి చూద్దామనే మాట ఉండదు. నొప్పి తెలియకుండా చంపి, లోతుగా పూడ్చాలి. చట్టం అంతే.

నాతో పాటు ఈ పనికి రహీం భాయ్ ఉన్నాడు. మా ఆసుపత్రిలో లైవ్‌స్టాక్ అసిస్టెంట్. గుర్రాన్ని మాటలతో నిలబెట్టడం తెలిసిన మనిషి. నన్ను మాటలతో నిలబెట్టడం మాత్రం ఎప్పుడూ ప్రయత్నించలేదు.

ఫిబ్రవరి మొదట్లో శిరీష అనే అమ్మాయి ఆసుపత్రికి వచ్చింది. జల్‌పల్లి దగ్గర గుర్రాల తబేలా ఉన్న యాదగిరి కూతురు. వాళ్లది మూడు తరాలుగా గుర్రాల ఇల్లు. మొదట కార్వాన్‌లో ఉండేవాళ్లు. అక్కడ సందులు ఇరుకై, తమ్ముడిని పాత షెడ్డులో వదిలి, యాదగిరి జల్‌పల్లిలో రెండెకరాల మెట్ట చెలక కొనుక్కుని వచ్చాడు. సగంలో తబేలా, సగంలో గుర్రాలకు పచ్చిమేత. పదకొండు గుర్రాలు. పెళ్లి బేరాలు ఫోన్లో మాట్లాడేది, ఏ గుర్రం ఏ రోజు ఎక్కడికి పోవాలో చూసేది శిరీషే.

ఆమె రక్త పరీక్ష గురించి రాలేదు. తన పెళ్లి గురించి వచ్చింది.

"మేడం, నా పెండ్లి మా తబేలాల్నే చేసుకుంటున్నం. ఊర్ల చేసినట్టు పచ్చని పందిరి, డప్పులు, మోదుగ విస్తర్లు. పందిరి పక్కపొంటి మా గుర్రాలన్నీ నిలవడాలె. డప్పులు మస్తు సేపు కొడ్తరు. గుర్రాలను ఎంత దూరం పెట్టాలె, నీళ్లు ఎప్పుడు తాపాలె, జర వచ్చి సూసి చెప్పుండ్రి."

ఫంక్షన్ హాల్లో అయితే ఇన్ని తిప్పలు ఉండవు కదా అన్నాను. మగపెళ్లివాళ్లు కూడా అదే అడుగుతున్నారట. దానికి ఆమె చెప్పిన కారణం నాకు ఇప్పటికీ మాటకు మాట గుర్తుంది.

"హైదరాబాద్ల సగం పెండ్లిళ్లకు మా గుర్రాలు పోయినయి మేడం. మేం ఒక్క మండపం సూడలే. పిలగాడు గేటు కాడ దిగుతడు, మమ్ముల గాడ్నే ఆపుతరు. గుర్రాన్ని మలుపుకొని రావాలె. నేను చిన్నప్పుడు బాపుతోని పోతే గేటు సందులకెళ్లి తొంగి సూసేదాన్ని. నా పెండ్లికన్న మా గుర్రాలు లోపట్నే ఉండాలె."

మర్నాడు రహీం భాయ్‌ని వెంటబెట్టుకుని, ఎలాగూ రక్తం తీయాలి కదా అని సరంజామా సర్దుకుని జల్‌పల్లి వెళ్లాను.

శిరీష మేత కోసిన నేల మీద పెళ్లంతా ముగ్గుపిండితో గీసి పెట్టింది. ఇక్కడ పందిరి, ఇక్కడ పొయ్యిలు, ఇక్కడ భోజనాలకు నేలబంతి, డప్పులవాళ్లు ఈ మూల. పందిరికి ఎడమ పక్క పదకొండు చిన్న గీతలు, ఒక్కో గుర్రానికి ఒకటి. పెళ్లికొడుకు ప్రవీణ్ కరెంటు ఆఫీసులో లైన్‌మన్. అతను తెల్ల గుర్రం మీద మేత మళ్ల మధ్య దారిలో రావాలి. ఆ దారికి కూడా రెండు గీతలు ఉన్నాయి. నేను ఎన్నో ప్రభుత్వ ప్లాన్లు చూశాను. ఇంత స్పష్టంగా ఉన్నవి తక్కువ. ఆమె ఆ గీతల మీద నడుస్తూ చెబుతుంటే నాకు కూడా ఆ పెళ్లి చూడాలనిపించింది.

ఆ తర్వాత యాదగిరి తన కొత్త గుర్రాన్ని చూపించాడు. పేరు చాందిని. మచ్చలేని తెలుపు. కూతురి పెళ్లికని పక్క రాష్ట్రంలో జరిగిన గుర్రాల సంతకు పోయి కొనుక్కొచ్చాడు. ఇల్లు చేరి నెల కావస్తోంది. ఆయన దాని మెడ నిమురుతూ మురిసిపోతున్నాడు. నేను దాని ముక్కు చూస్తున్నాను. ఎడమ ముక్కు అంచున పసుపుపచ్చగా జిగట. వెనక కాలి లోపలి వైపు వేలు పెడితే తగిలే గడ్డలు, ఒకదాని కింద ఒకటి. రహీం భాయ్ నా వైపు చూసి, మెల్లగా రెండు అడుగులు వెనక్కి వేసి, "మేడం, గ్లౌజులు రెండు జతలు వేసుకుందాం" అన్నాడు.

ఆరోగ్య ధ్రువపత్రం ఉందా అని యాదగిరిని అడిగాను. సంతలో ఎవరూ అడగలేదన్నాడు. కొత్తగా వచ్చిన గుర్రాన్ని కనీసం మూడు వారాలు మిగతావాటికి దూరంగా కట్టేయాలన్నది ఈ పనిలో మొదటి పాఠం. ఎక్కడ కట్టారని అడిగాను. ఈసారి జవాబు ఆయన తల్లి బాలమ్మ దగ్గర్నుంచి వచ్చింది. డెబ్బై దాటిన మనిషి, గొంతు మాత్రం తబేలా అంతా వినబడుతుంది.

"కొత్త కోడలిని వాకిట్ల కూసుండబెడ్తమా డాక్టరమ్మా? వచ్చిన నాడే హౌజుల నీళ్లు తాగింది, మా రాణితోని."

హౌజు అంటే వాళ్ల నీళ్ల తొట్టి. కార్వాన్ నుంచి బండి మీద తెచ్చుకున్న నల్లరాతి తొట్టి. ఆ ఇంటి ఆనవాయితీ ప్రకారం కొత్త గుర్రం వచ్చిన రోజే, ఇంట్లో అన్నిటికంటే పెద్ద గుర్రంతో కలిసి ఆ తొట్టిలో తాగాలి. రెండు మూతులు ఒకేసారి నీళ్లలో మునగాలి. అప్పుడుగానీ అది ఆ ఇంటి గుర్రం కాదు. రాణి వాళ్ల పెద్ద గుర్రం. మలక్‌పేట రేసుల్లో పరుగు మానేశాక ఇక్కడికి వచ్చింది. శిరీష దాని వీపు మీదే పెరిగింది. బాలమ్మ ఇదంతా గర్వంగా చెప్పింది. గ్లాండర్స్ ఒక గుర్రం నుంచి ఇంకో గుర్రానికి పాకడానికి ముఖ్యమైన దారి ఉమ్మడి నీళ్ల తొట్టే. ప్రేమతో చేసిన పనే పదకొండు గుర్రాలనూ ఒకే ప్రమాదంలోకి నెట్టింది.

ఆ పూటే అన్నిటి రక్తం తీశాం. అలాంటి నమూనాలను ఒకదానిలో ఒకటిగా మూడు డబ్బాల్లో మూసి, మంచు గడ్డలతో, జిల్లా ఆఫీసు ద్వారా ఉత్తరాదిలోని జాతీయ ప్రయోగశాలకు పంపాలి. జవాబు వచ్చేదాకా ఏ గుర్రమూ గేటు దాటకూడదు, ఏదీ లోపలికి రాకూడదు. నేను నోటీసు రాసి యాదగిరి చేతికిచ్చాను. అందులో చివరి షరతు, ఉమ్మడి తొట్టిని పగలగొట్టాలని. పెళ్లికి ఇంకో నెల ఉంది.

లొల్లి అప్పుడు మొదలైంది. యాదగిరి నిప్పులు చెరిగాడు. ముక్కు కారితే గుర్రం చస్తదా, మా గుర్రాలు మాకు ఎరుకలేవా, సీజన్ల బేరాలన్నీ ఏం కావాలె అని. నేను ఎన్ని చెప్పినా ఆయన చెవికెక్కలేదు. బాలమ్మ అయితే పోయి తొట్టి అంచు మీద కూర్చుంది. ఆమెను లేపి తొట్టి పగలగొట్టించే అధికారం నాకు కాగితం మీద ఉంది. పోలీసులను పిలవచ్చు కూడా. కూతురి పెళ్లి జరగాల్సిన ఇంట్లో ఆ పని చేయడం ఇష్టం లేక, ముందు దాన్ని ఖాళీ చేసి, బ్లీచింగ్ పౌడర్‌తో కడిగించి వచ్చాను. పగలగొట్టే సంగతి ఫలితం వచ్చాక చూద్దామనుకున్నాను.

జవాబు రాకముందే ఒక తెల్లవారుజామున శిరీష ఫోన్ చేసింది. రెండే మాటలు. "మేడం, లారీ వచ్చింది."

నేను స్కూటర్ మీద వెళ్లేసరికి గేటు బయట లారీ వెనక తలుపు దించి ఉంది. రెండు గుర్రాలు అప్పటికే ఎక్కాయి. కార్వాన్‌లో తమ్ముడి షెడ్డుకు అన్నిటినీ మార్చేసి, ఇక్కడ తబేలా ఖాళీగా చూపిస్తే పెళ్లికి అడ్డు ఉండదనుకున్నాడు యాదగిరి. గుర్రాలు బతుకుతాయి, పెళ్లీ జరుగుతుంది. ఆయన లెక్క అది. నేను స్కూటర్‌ను లారీ ముందు అడ్డంగా పెట్టి, తాళం సంచీలో వేసుకుని, వెనక్కి వెళ్లి ఆ దించిన తలుపు చెక్క మీద కూర్చున్నాను. గుర్రం ఎక్కాలంటే నా మీదుగా ఎక్కాలి.

కేసు అవుతుందని చెప్పాను. "పెట్టుకోండ్రి మేడం, ఎన్ని కేసులు పెడ్తరో పెట్టుకోండ్రి" అన్నాడు. డ్రైవర్‌కు పోలీసులు బండి కూడా పట్టుకుంటారని చెప్పాను. డ్రైవర్ మాత్రం విన్నాడు, ఇంజన్ ఆపేశాడు. అప్పుడు యాదగిరి నాకు ఫోన్ ఎవరు చేశారని అడిగాడు. నేను చెప్పలేదు. శిరీషే ముందుకొచ్చింది.

"నేనే చేసిన బాపు."

ఆయన కూతురి మొహం వంక చూసిన చూపు నేను మరిచిపోలేదు. చేయి లేస్తుందేమోనని లేచి నిలబడ్డాను. ఆయన చేయి లేవలేదు.

"నీ పెండ్లి కోసమే కదనే నేను గిదంతా చేసేది" అన్నాడు.

"ఎరుకే బాపు. మరి కార్వాన్ల చిన్నాయన గుర్రాలు ఏం చేసినయి? ఇవి పోయి ఆడ నీళ్లు తాగితే గవి గూడ పోతయి. నా పెండ్లికని చిన్నాయన బతుకు ఆగం చేస్తమా?"

యాదగిరి లారీ ఎక్కి, రెండు గుర్రాలనూ తనే దించాడు. ఆ రోజు నుంచి కూతురితో మాట్లాడటం మానేశాడని తర్వాత తెలిసింది. గేటుకు తాళం వేసి, ఒక తాళంచెవి నాకు ఇచ్చింది కూడా ఆయనే.

ఫలితం ఫోన్లో ముందు, కాగితం మీద తర్వాత వచ్చింది. చాందినికి జబ్బు ఉంది. తొమ్మిదింటికి లేదు. రాణిది సందేహం. సందేహం అంటే మా భాషలో ఉన్నదనీ కాదు, లేదనీ కాదు. మూడు వారాల తర్వాత మళ్లీ రక్తం తీయాలి. మిగతా తొమ్మిదింటికి కూడా రెండోసారి తీయాల్సిందే, జబ్బు రక్తంలో కనబడటానికి వ్యవధి పడుతుంది. ఆరోగ్య శాఖవాళ్లు వచ్చి ఇంట్లో అందరి రక్తం తీశారు. చాందినికి రోజూ ఉలవలు పెట్టింది శిరీషే కాబట్టి వాటి జవాబు వచ్చేదాకా నాలుగు రోజులు నాకు అన్నం సహించలేదు. ఇంట్లో ఎవరికీ ఏమీ లేదని తేలాక రహీం భాయ్ ఇరానీ హోటల్ నుంచి చాయ్ తెప్పించాడు.

చాందినిని చంపమన్న ఉత్తర్వు కింద సంతకం జిల్లా అధికారిది. చేయాల్సిన చేయి నాది. ఒంటినిండా కప్పే తొడుగు, రెండు జతల గ్లౌజులు, మాస్కు వేసుకుని, ముందు మత్తు ఇచ్చి, అది పడుకున్నాక మెడ నరంలోకి మందు ఎక్కించాలి. కళ్లెం పట్టుకుంటానని యాదగిరి అడిగాడు. వీల్లేదన్నాను. రహీం భాయ్ పట్టుకున్నాడు. యాదగిరి కంచె అవతల నిలబడి దాన్ని పేరు పెట్టి పిలుస్తూనే ఉన్నాడు, గొంతు ఆగలేదు. అది చెవులు అటు తిప్పింది. ఉద్యోగంలో ఆ పని ఎన్నోసార్లు చేశాను. ఒక్కసారి కూడా అలవాటు కాలేదు, ఆ రోజు మరీ కష్టమైంది. గోతిలో సున్నం వేసి పూడ్చాం. పెళ్లికని కుట్టించిన కొత్త జీను, జరీ గుడ్డలు, తలకు కట్టే తురాయి అన్నీ చాందినికి తొడిగి చూశారట. తోలును, పట్టును నమ్మకంగా శుభ్రం చేయలేం. అన్నిటినీ అక్కడే తగలబెట్టాం. పరిహారం వస్తుందని చెప్పబోతే యాదగిరి వద్దన్నట్టు చేయి ఊపి లోపలికి వెళ్లిపోయాడు.

ఇక పెళ్లి. ముహూర్తానికి రెండు వారాలు కూడా లేదు. ప్రవీణ్ తండ్రి మలక్‌పేటలో ఫంక్షన్ హాలు చూసి పెట్టాడు. పెళ్లి చోటు మార్చుకోవడమే మంచిదని నేను కూడా శిరీషకు ఫోన్లో గట్టిగానే చెప్పాను. ప్రవీణ్‌ని అడిగితే "ఆమె యాడంటే గాడ మేడం. స్తంభం మీద చేసుకుందామన్నా ఎక్కుత" అన్నాడు. కొడుకే ఇలా అన్నాక తండ్రికి కూడా మాటలు తగ్గిపోతాయి.

మర్నాడు శిరీష ఆసుపత్రికి వచ్చింది. చేతిలో ముగ్గుపిండి డబ్బా. నా బల్ల మీద పెట్టింది.

"మేడం, మీరు గీయుండ్రి. మనిషి యాడిదాక రావచ్చు, యాడ ఆగాలె, మీరే గీయుండ్రి. మీరు గీసిన గీత మా చుట్టాలల్ల ఒక్కరు గూడ దాటరు. దాటితే పెండ్లి ఆపేస్త."

ఎప్పటిలాగే వద్దు అనడానికి నోరు తెరిచాను. కానీ నిబంధనల్లో ఎక్కడుంది వద్దని? గుర్రాలు కదలకూడదు. జబ్బు అనుమానం ఉన్న గుర్రం దగ్గరికి మనుషులు పోకూడదు. నీళ్లు, పనిముట్లు కలవకూడదు. రెండెకరాల నేల మీద మనుషులు ఒక చివర కూర్చుని అన్నం తినకూడదని ఏ నిబంధనా చెప్పదు. ఇన్నాళ్లూ నేను వద్దన్నది భయంతో కాదు, తేలిక కాబట్టి. వద్దు అనేస్తే ఆ తర్వాత చూసుకోవాల్సిన పని ఉండదు. నా పై అధికారి జాయింట్ డైరెక్టర్‌కు షరతులతో సహా రాసి పంపాను. ఆయన ఫోన్ చేసి, ఏమన్నా అయితే ఎవరు జవాబుదారీ అని అడిగాడు. నేనే అన్నాను. రాసిపెట్టమన్నాడు, పెట్టాను.

ఆ వారమంతా జల్‌పల్లిలోనే గడిచింది. పందిరిని మేత మళ్లలో పడమటి చివరకు జరిపాం. అటువైపు కంచె తెంపి కొత్తగా ఇంకో గేటు పెట్టించాం. పాత గేటుకు తాళం అలాగే ఉంది. వంటకు, తాగడానికి నీళ్లు బయటి ట్యాంకరు నుంచి. తబేలా చుట్టూ వంద అడుగుల దూరంలో ముగ్గుపిండికి బదులు బ్లీచింగ్ పౌడర్‌తో గీత గీశాను. రోజూ ఉదయం కొత్తగా గీసేవాళ్లం. శిరీష ఒక్కో చుట్టానికి ఫోన్ చేసి గీత సంగతి చెప్పింది. కొందరు రాలేమన్నారు. వాళ్లను బతిమాలలేదు. యాదగిరి మొదట దూరంగా ఉండి చూసేవాడు. మూడో రోజు తనే గునపం తీసుకుని పందిరి గుంతలు తవ్వడం మొదలుపెట్టాడు. గుంత లోతు సరిపోదని కూతురు అంటే, "నాకు చెప్తున్నవా?" అన్నాడు. వాళ్లిద్దరి మధ్య మాటలు మళ్లీ అలా మొదలయ్యాయి.

ఒక్క చిక్కు మిగిలింది. తబేలాలోకి వెళ్లేది నా ఉత్తర్వు ప్రకారం యాదగిరి ఒక్కడే. పెళ్లి రోజు ఆయన పీటల మీద కూర్చుని అల్లుడి కాళ్లు కడగాలి. ఆ రోజు గుర్రాల దగ్గర ఎవరుండాలి? బయటి మనిషిని పెట్టలేను. రహీం భాయ్ నా మొహం చూసి, "హమీచ్ రహేంగే మేడం, ఔర్ కౌన్ రహేగా?" అన్నాడు. మనమే ఉంటాం, ఇంకెవరుంటారు అని.

అలా ఆ పెళ్లిని నేను గుర్రాల వైపు నుంచి చూశాను. తొడుగు వేసుకుని, రాణిని విడిగా కట్టిన పాక ముందు నిలబడి. ఫాల్గుణ మాసం, పొద్దున్నే ఎండ పదునుగానే ఉంది. మామిడి కొమ్మల పందిరి అంత దూరం నుంచి కూడా పచ్చగా కనబడుతోంది. ప్రవీణ్ మేత మళ్ల దారిలో నడిచే వచ్చాడు. అతని ముందు డప్పులు మొదలయ్యాయి.

గుర్రాలకు డప్పులంటే ఫికర్ లేదు, రోజూ వినేవే అని యాదగిరి నాతో ఎన్నోసార్లు చెప్పాడు. ఆయన చెప్పింది నిజమే. అవి భయపడలేదు. కానీ ఆ ఇంట్లో ఎవరూ అనుకోనిది ఒకటి జరిగింది. డప్పు వినబడగానే పది గుర్రాలూ మేత వదిలేసి, తలుపుల దగ్గరికి వచ్చి నిలబడ్డాయి. వాటికి ఆ చప్పుడు అంటే పని. ఇంకాసేపట్లో జీను వేస్తారు, గుడ్డలు కప్పుతారు, బయటికి తీసుకుపోతారు. ఎవరూ రాలేదు. కొన్ని కాళ్లతో నేల తన్నడం మొదలుపెట్టాయి. రహీం భాయ్ ఒక్కోదాని దగ్గరికీ వెళ్లి ఏదో చెబుతూ తిరిగాడు. రాణి మాత్రం తన్నలేదు. నా ముందుకు వచ్చి, మెడ కిందికి వంచి, అలాగే ఉంచింది. ఏం చేస్తోందో నాకు కాసేపు అర్థం కాలేదు. తురాయి కట్టడానికి తల అందిస్తోంది. ఏళ్ల తరబడి అలవాటు. నా దగ్గర కట్టడానికి ఏమీ లేదు. గ్లౌజు చేతిని దాని నుదుటి మీద ఉంచాను. డప్పులు ఆగేదాకా అది తల ఎత్తలేదు. మాస్కు లోపల నేను ఏడ్చాను, తుడుచుకునే వీలు కూడా లేదు.

పుస్తె కట్టాక కొత్త దంపతులు గీత దాకా వచ్చారు. శిరీష కాలి వేళ్లు గీతకు ఆనించి ఆగింది. పసుపు చీర, నుదుట బాసికం. రాణి ఆమెను చూసి సకిలించింది. వెనక చుట్టాలు ఒక్కరు కూడా ముందుకు రాలేదు.

"మల్ల గేటు కాడ్నే ఆగినం మేడం" అంది శిరీష. నవ్వుతోంది, కళ్లు కారుతున్నాయి.

"ఈసారి గేటు నీది" అన్నాను. నాకు తోచింది అదే.

భోజనాలు రహీం భాయ్‌కీ నాకూ మోదుగ విస్తరిలో గీత దాకా వచ్చాయి. ఒకరి తర్వాత ఒకరం తొడుగు విప్పి, స్నానం చేసి వెళ్లి తిన్నాం. యాదగిరే వడ్డించాడు. రెండోసారి కూర వేస్తూ, "గుర్రాలు ఏమంటున్నయి?" అని అడిగాడు. బాగానే ఉన్నాయని చెప్పాను.

పెళ్లయిన తర్వాతి వారం రెండోసారి రక్తం పంపాం. తొమ్మిదింటికీ జబ్బు లేదు. రాణికి ఉంది. శిరీష అత్తగారింటి నుంచి వచ్చి గీత అవతల నిలబడింది. ఆపమని అడగలేదు. ఆ పని కూడా నేనే చేశాను. ఆ సాయంత్రం బాలమ్మ నన్ను పిలిచి తొట్టి దగ్గర కూర్చోబెట్టింది.

"నేనే తాపిన బిడ్డా. నా చేతుల్తోనే రాణి మూతి ఆ నీళ్లల్ల పెట్టిన" అంది. తెలియక చేసిన పని అన్నాను. ఆమె దాన్ని పట్టించుకోలేదు. "ఇప్పుడు పలగ్గొట్టుకో, నేను లేస్త" అని నిజంగానే లేచింది.

సుత్తి తెప్పించబోయాను. శిరీష అడ్డం వచ్చింది.

"మేడం, పలగ్గొడితే రేపు నాయినమ్మ బకెట్ల తాపుతది. బకెట్ పలగ్గొడితే గంగాళంల తాపుతది. కొత్త గుర్రం ఇంటిది కావొద్దా మరి? ఎప్పుడు తాపచ్చో చెప్పుండ్రి. గప్పుడే తాపుతం."

ఆలోచించాను. మూడు వారాల దూరం, రెండు పరీక్షలు, రెండింటిలోనూ జబ్బు లేదని నా సంతకం. ఆ తర్వాత ఎవరు ఎవరితో ఏ తొట్టిలో తాగినా శాస్త్రానికి అభ్యంతరం లేదు. అదే చెప్పాను. యాదగిరి ఆ రాత్రికే తొట్టి మీద రెండు టేకు పలకలు బిగించాడు. ఒక్కో గుర్రానికి విడి బకెట్ వచ్చింది.

మిగిలిన తొమ్మిది గుర్రాలూ ఆ తర్వాతి పరీక్షల్లో కూడా నిలబడ్డాక ఉత్తర్వు ఎత్తేశాం. తర్వాతి ఏడాది యాదగిరి ఒక గోధుమరంగు గుర్రాన్ని కొన్నాడు, ఈసారి ధ్రువపత్రంతో. అది దూరపు పాకలో కట్టేసి ఉన్నన్నాళ్లూ బాలమ్మ నాకు ఫోన్ చేస్తూనే ఉంది. "డాక్టరమ్మా, ఇయ్యాలన్న తెరువచ్చా?" ఇంకా లేదనేదాన్ని. "సరే బిడ్డా, నువ్వు చెప్పినంకనే" అని పెట్టేసేది. రెండో ఫలితం వచ్చిన రోజు నేనే వెళ్లాను. పలకలు తీశారు. రాణి తర్వాత పెద్దదైన గుర్రాన్ని ఒక పక్క, కొత్తదాన్ని ఒక పక్క నిలబెట్టారు. ప్రవీణ్, శిరీష వచ్చారు. రెండు మూతులూ నీళ్లలో మునిగాక బాలమ్మ పలకలు మళ్లీ వేయించింది.

ఆ ప్రాంతంలో తొట్లు పగలగొట్టమని నేను నోటీసులిచ్చిన తబేలాలు ఇంకొన్ని ఉన్నాయి. తర్వాత వెళ్లి చూస్తే చాలావాటిలో కొత్త తొట్లు కట్టుకుని ఉన్నారు. బాలమ్మ తొట్టి పగలలేదు, నేను చెప్పని రోజు తెరుచుకోనూ లేదు. ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ, నేను రాసిన ప్రతి నిషేధం కింద, అది ఎప్పుడు, ఏ పరీక్ష తర్వాత ఎత్తేస్తామో కూడా రాశాను. అలా రాసిన నోటీసులను జనం గేటుకు అంటించుకుని రోజులు లెక్కపెట్టుకునేవాళ్లు. గుర్రాలను దాటించడానికి లారీ పిలిచినవాళ్లు మళ్లీ నాకు ఎదురుకాలేదు.